కాటన్ దొరకి దండలు సరే, తూము తాళం ఎవరి దగ్గరుంది?

ఇది కొంచెం పెద్ద పోస్టు. దమ్ములు ఇంకా మొదలవలేదు కాబట్టి తీరిగ్గా చదవండి.

ప్రతి మే 15కి మా ధవళేశ్వరంలో ఒక తంతు జరుగుతుంది. బ్యారేజీ దగ్గర కాటన్ దొర విగ్రహానికి దండలు వేస్తారు. ఆయన పుట్టినరోజు అది, 1803. అధికారంలో ఉన్నవాళ్లు వస్తారు, లేనివాళ్లు వస్తారు, ఎర్రజెండా వాళ్లూ వస్తారు. దండ వేసేటప్పుడు ఎవరికీ ఎవరితోనూ తగువు లేదు. మైకు పట్టుకుంటే అందరిదీ ఒకటే మాట, ఆయన లేకపోతే మనం లేవని. నా చిన్నప్పట్నుంచీ చూస్తున్నాను, ఆ తంతు మారలేదు. కాలువ నడిపే పద్ధతి మాత్రం పైన ప్రభుత్వం మారినప్పుడల్లా మారుతూనే ఉంది.

ఇది రాయడానికి అసలు కారణం మా బావగారు. వాళ్లది తాళ్లరేవు అవతల, తూర్పు డెల్టాకి బాగా శివారు. మాది కాలువ పుట్టేచోటు, వాళ్లది కాలువ చచ్చేచోటు. మొన్న ఫోన్ చేసి, "ఈసారి నీళ్లు ఎప్పుడు వదులుతారంట? మీ నీటి సంఘం వాళ్లని కనుక్కోండి బావా" అన్నారు. మీ ఊళ్లోనూ సంఘం ఉంది కదండీ, వాళ్లనడగొచ్చు కదా అన్నాను. "ఉంది. అందులో నేను లేను కదా. నాది కౌలు. ఓటరు లిస్టులో మా భూమిగల ఆసామి పేరుంది, ఆయన హైదరాబాదులో ఉంటాడు" అన్నారు.

ఆ మాట నన్ను పట్టుకుంది. నాకున్నది ఎకరంన్నర, ఇంకో రెండెకరాలు నేనూ కౌలుకే చేస్తున్నాను. అంటే లిస్టులో నేను సగం కూడా లేను. ఇలా ఎందుకైందని వెనక్కి తవ్వుకుంటూ పోతే దొరల కాలం దాకా వెళ్లాల్సి వచ్చింది.

రాజకీయ సిద్ధాంతం అంటే మనకి జెండా రంగే గుర్తొస్తుంది. నేను చెప్పేది జెండా గురించి కాదండి. నీళ్లు ఎవరివి, కాలువ ఖర్చు ఎవరు పెట్టుకోవాలి, తూము తాళం ఎవరి చేతిలో ఉండాలి, వీటి మీద పైవాళ్ల మనసులో ఒక నమ్మకం ఉంటుంది. ఆ నమ్మకాన్నిబట్టే చట్టం వస్తుంది. ఒక్కోసారి జెండా అదే ఉండి నమ్మకం మారిపోతుంది కూడా. దాని సంగతి ముందుకెళ్లాక చెబుతాను.

కంపెనీ వాళ్ల కాలంలో ఈ గడ్డ ఎలా ఉండేదో పెద్దవాళ్లు చెబితే వినడమే. 1832-33లో నందన కరువు. ఆ వెనకే తుపాన్లు, పంట నష్టాలు. సుమారు ఇరవై ఏళ్లలో రాజమండ్రి జిల్లా జనాభా ఏడు లక్షల ముప్పై వేల పైచిలుకు నుంచి ఆరు లక్షల లోపుకి పడిపోయింది. కొంతమంది చచ్చిపోయారు, కొంతమంది ఊళ్లొదిలి పోయారు. పక్కన గోదావరి నిండుగా పారుతూనే ఉంది.

మరి కంపెనీ ఎందుకు కదిలింది? జనం మీద జాలితోనే అని చెబితే అది సగం నిజం. శిస్తు పడిపోయింది. జిల్లా ఎందుకిలా అయిందో చూడమని హెన్రీ మాంట్‌గొమరీ అనే అధికారిని వేశారు. ఆయన 1844లో రిపోర్టు ఇచ్చి, కాటన్‌ని పిలిపించమన్నాడు. కాటన్ అప్పటికే తంజావూరు వైపు కొల్లడం నది మీద ఆనకట్ట కట్టి, అక్కడ పంటా శిస్తూ రెండూ పెరగడం చూసినవాడు. ఆయన కంపెనీకి రాసిన దాంట్లో మానవత్వం ఉంది, దాని పక్కనే లెక్కా ఉంది. ఇంత ఖర్చు పెడితే ఇంత శిస్తు వస్తుంది అని. వేసిన అంచనా 4,75,572 రూపాయలు. లండన్‌లో డైరెక్టర్లు 1846 డిసెంబరులో ఒప్పుకున్నారు, 1847లో పని మొదలైంది, 1852కి అయిపోయింది. కూలీలనీ సామాన్నీ సమకూర్చి పని నడిపించిన వీణం వీరన్న గారిని ఇక్కడ తలుచుకోకపోతే తప్పవుతుంది. దండల రోజున ఆయన్ని గుర్తుచేసేవాళ్లు తక్కువ.

ఎదుటివాడి నమ్మకం ఏమిటో తెలుసుకుని ఆ భాషలోనే అర్జీ పెట్టాడు కాటన్ దొర. లాభం చూసేవాడికి లాభం చూపించాడు. మనం అర్జీలు రాసేటప్పుడు ఏడుపే రాస్తాం.

అక్కడితో కథ సుఖాంతం అనుకోకండి. నీళ్లొచ్చాక నీళ్ల చట్టాలొచ్చాయి. 1858లో నిర్బంధ శ్రమ చట్టం. గట్టుకి గండి పడితే చుట్టుపక్కల జనం కదిలి రావాల్సిందే, అంతకుముందు నుంచీ ఆనవాయితీగా కాలువలకీ చెరువులకీ చేస్తున్న ఊరి చాకిరీని కూడా చట్టబద్ధం చేశారు. 1865లో నీటి సెస్సు చట్టం. సర్కారు కట్టిన కాలువలో నీళ్లు సర్కారువి, వాడుకుంటే కట్టాలి. మనం ఇవాళ్టికీ కడుతున్న నీటితీరువాకి మూలం అక్కడుంది.

ఆ రోజుల్లోనే ఇంకో పెద్ద వాదం నడిచింది. కాలువలు సర్కారు తవ్వాలా, ప్రైవేటు కంపెనీకి వదలాలా? అప్పటి ఇంగ్లండులో గట్టి నమ్మకం ఏమిటంటే, వ్యాపారంలో సర్కారు వేలు పెట్టకూడదు. రైళ్లకి అలాగే చేశారు, కంపెనీలకి 5 శాతం లాభం గ్యారంటీ ఇచ్చి. నీళ్లకీ అదే చేద్దామని మద్రాసు ఇరిగేషన్ కంపెనీ అని పెట్టారు. పది లక్షల పౌండ్ల పెట్టుబడి, దానికీ 5 శాతం గ్యారంటీ. వాళ్లు తవ్విందే కర్నూలు-కడప కాలువ, మన కేసీ కెనాల్. ఏమైంది? ఖర్చు అంచనా దాటిపోయింది, డబ్బు చాలక సర్కారే అప్పిచ్చింది. నల్లరేగడిలో మెట్టపంటలు వేసుకునే అక్కడి రైతు, డబ్బు కట్టి తడి పెట్టుకోడానికి అనుకున్నంతగా ముందుకు రాలేదు. చివరికి 1882లో సర్కారే కొనేసింది. గ్యారంటీ వడ్డీ కట్టింది మాత్రం మన తాతల శిస్తుల్లోంచే.

తమాషా ఏమిటంటే కాటన్ కూడా ఆ కంపెనీ వైపు మాట్లాడినవాడే. ఇక్కడ సర్కారు సొమ్ముతో కట్టి గెలిచిన మనిషి, అక్కడ ప్రైవేటుని నమ్మాడు. 1878లో లండన్ పార్లమెంటు కమిటీ ముందు నిలబడి రైళ్లకంటే కాలువలు మేలని గట్టిగా వాదించాడు. కాలువలో పడవలూ నడుస్తాయి, పంటా పండుతుంది అని. కమిటీ ఆయన మాట పట్టించుకోలేదు. మహానుభావుడే గానీ ప్రతిదాంట్లో ఆయన లెక్క నిలవలేదు. దేవుణ్ణి చేసి కూర్చోబెడితే ఈ సంగతులు మర్చిపోతాం.

స్వాతంత్ర్యం వచ్చాక నమ్మకం మారింది. 1948 చట్టంతో మద్రాసు రాష్ట్రంలో జమీందారీలు రద్దయ్యాయి. పంచవర్ష ప్రణాళికలు వచ్చాయి. దేశాన్ని ఇంజనీరు కడతాడు, ఖర్చు ప్రభుత్వం పెడుతుంది, రైతు పంట పండిస్తాడు. ఇదీ నెహ్రూ గారి కాలం నాటి ఆలోచన. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్‌కి ఆయనే శంకుస్థాపన చేశారు. ఆ ఆలోచన వల్ల దేశానికి తిండి దొరికింది, కాదనలేం. అయితే ఆ పద్ధతిలో రైతుకి నోరు లేదు. ఎగువ లస్కరు, పైన సెక్షన్ ఆఫీసరు, ఆ పైన ఇంజనీర్లు. మా నాన్నగారు లస్కరుకి సంక్రాంతికి బియ్యం పంపేవారు. అది లంచమా, మర్యాదా అని చిన్నప్పుడు అడిగితే "నీళ్లు" అన్నారు.

కొత్త బ్యారేజీ కూడా ఆ కాలపు పనే. 1970లో మొదలైంది, ప్రపంచ బ్యాంకు అప్పు కూడా తోడైంది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం, నాలుగు భాగాలూ కలిపి 175 గేట్లు. దాని కింద తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలు మూడూ కలిపి పది లక్షల ఎకరాల పైచిలుకు. 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కుల వరద వస్తే లంకలూ ఊళ్లూ మునిగాయి గానీ బ్యారేజీ నిలబడింది. అప్పటి ఇంజనీర్లకి దండం పెట్టాలి.

నీళ్లు తేవడం మీద ఉన్న శ్రద్ధ మురుగు తీయడం మీద లేకపోయింది. అరవైల్లో మిత్రా కమిటీ అని వేసి డెల్టా డ్రెయిన్ల సంగతి చూడమన్నారు. 1968లో కృష్ణా, గోదావరి డెల్టాలకి డ్రెయినేజీ సెస్సు చట్టం తెచ్చారు. నీళ్లొచ్చినందుకు తీరువా, పోవడానికి సెస్సు. డ్రెయిన్లలో గుర్రపుడెక్క ఇవాళ్టికీ అలాగే ఉంది. ఈ విషయం మీద విడిగా రాస్తాను, ఇందులో పెడితే తెగదు.

ఇప్పుడు అసలు చోటుకి వద్దాం. 1997.

1994 డిసెంబరులో ఎన్టీఆర్ గారు గెలిచినప్పుడు మాట ఏమిటి? రెండు రూపాయల కిలో బియ్యం, మద్యనిషేధం, రైతుకి చౌక కరెంటు. 1995 సెప్టెంబరులో అదే పార్టీలోంచి చంద్రబాబు గారు ముఖ్యమంత్రి అయ్యారు. జెండా అదే పసుపు. ఏడాదిలో బియ్యం మూడున్నర అయింది, ఆ తర్వాత నిషేధం పోయింది. ఖజానా ఖాళీగా ఉందని శ్వేతపత్రాలు వేశారు. ప్రపంచ బ్యాంకు వాళ్లు రాష్ట్రానికి నేరుగా సలహాలూ అప్పులూ ఇవ్వడం మొదలైంది. పైన చెప్పానే, జెండా మారకుండా నమ్మకం మారడం అని, ఇదే అది.

ఆ నమ్మకం ఒక్క మన రాష్ట్రంలో పుట్టింది కాదు. ఇంగ్లండులో థాచర్ గారు 1989లో నీళ్ల సంస్థల్నే షేర్లుగా అమ్మేశారు. మెక్సికో కాలువల్ని రైతు సంఘాలకి అప్పగించింది, టర్కీ కూడా అదే దారి. ఢిల్లీలో 1991 నుంచి పీవీ గారి సంస్కరణలు. ప్రభుత్వం చిన్నదవ్వాలి, వాడుకునేవాడే ఖర్చు కట్టుకోవాలి, వాడుకునేవాడే నడుపుకోవాలి. ఆ గాలి మన కాలువ గట్టు మీదకి వచ్చేసరికి 1997లో 11వ నంబరు చట్టం అయింది. రైతుల చేత సాగునీటి వ్యవస్థల నిర్వహణ చట్టం.

దానికంటే ముందే నీటితీరువా పెరిగింది. మొదటి పంటకి ఎకరానికి 60 రూపాయలుండేది 200 అయింది. దాళ్వాకి 150. చేపల చెరువులకి 500. మూడింతలు పెంచి, "ఇప్పుడు కాలువ మీదే" అన్నారు. పెంచడం ముందూ, ఇవ్వడం వెనకా.

1997 జూన్‌లో రాష్ట్రమంతా ఎన్నికలు. పదివేలకి పైగా సంఘాలు. ఊరి హద్దులతో పని లేకుండా, నీరు పారే హద్దుల్నిబట్టి సంఘం. ఇది మాత్రం గొప్ప ఆలోచన అని నేను ఇప్పటికీ అంటాను. నీళ్లకి పంచాయతీ సరిహద్దు తెలియదు కదా. నాకు అప్పుడు ఇరవై ఏడో ఇరవై ఎనిమిదో. భూమి నాన్నగారి పేరున ఉంది కాబట్టి ఓటు ఆయనది, సైకిలు తొక్కింది నేను. బూతు దగ్గర వరసలో పంచె కట్టుకున్న పెద్దవాళ్లు, ఒకళ్లిద్దరు ఆడవాళ్లు. నాన్నగారు ఓటేసి బయటికొచ్చి, "డెబ్భై ఏళ్లకి కాలువ గురించి నన్నడిగారురా" అన్నారు. ఆ సంతోషం అబద్ధం కాదు.

మొదటి రెండేళ్లు పని జరిగింది కూడా. సంఘాలకి డబ్బిచ్చారు, కాలువల్లో పూడిక తీశారు, విరిగిన షట్టర్లు వేశారు. శివారులో మా బావగారి వాళ్ల నాన్న, "ఈసారి మోటారు పెట్టకుండా నారు తడిసింది" అని చెప్పడం నాకు గుర్తు. ఇంతకుముందు పైపు కమిటీలు అని కొన్ని ప్రాజెక్టుల కింద పెట్టారు గానీ అవి కాగితం మీదే ఉండిపోయాయి. ఇవి అలా కాలేదు, కొన్నాళ్లు నిజంగా బతికాయి.

మరి ఎక్కడ తప్పింది? నాకు తెలిసినంతలో చెబుతాను.

ఒకటి, డబ్బు దారి. వసూలైన తీరువాలో పెద్ద ప్రాజెక్టుల కిందైతే సంఘానికి 50 శాతం, డిస్ట్రిబ్యూటరీ కమిటీకి 20, ప్రాజెక్టు కమిటీకి 20, పంచాయతీకి 10 అన్నారు. పంపకం బాగానే ఉంది. వసూలు చేసేది మాత్రం రెవెన్యూ వాళ్లు. డబ్బు ముందు ఖజానాకి పోయి, అక్కణ్ణుంచి తిరిగి రావాలి. పోవడం త్వరగా పోయేది. రావడమే, దేవుడెరుగు. నా జేబులో డబ్బు తీసుకుని, నాకే గ్రాంటు ఇచ్చినట్టు ఇవ్వడం.

రెండోది తాళం. సంఘానికి అప్పజెప్పింది కింది కాలువలు, బోదెలు, వాటి మరమ్మతు. పెద్ద కాలువ రెగ్యులేటరు, హెడ్ స్లూయిస్, ఇవన్నీ శాఖ దగ్గరే. పైన ప్రాజెక్టు కమిటీ ఏర్పడితే అక్కడ రైతు మాట చెల్లేది. కింద సంఘాలు 1997లోనే వచ్చేశాయి గానీ, పెద్ద ప్రాజెక్టులకి ప్రాజెక్టు కమిటీలు ఏళ్ల తరబడి వేయలేదు. ఊడ్చే చీపురు మనకిచ్చి తాళం వాళ్లు ఉంచుకున్నారు. ఎంతసేపు నీళ్లు, ఎప్పట్నుంచి వంతులు అన్నది ఇవాళ్టికీ సాగునీటి సలహా మండలిలో మంత్రులూ కలెక్టరూ ఇంజనీర్లూ కూర్చుని తేలుస్తారు. మనం పేపర్లో చదువుకుంటాం.

ఇంకోటి మనలో మనం ఒప్పుకోవాల్సింది. సంఘానికి పనుల డబ్బు రాగానే, కాలువ తెలిసినవాడికంటే బిల్లు రాయడం తెలిసినవాడు ప్రెసిడెంటు అయ్యాడు. నేను చూసిన ఒక సంఘంలో, పేరూ ఊరూ వద్దు, ఒకే పూడిక రెండు బిల్లుల్లో రెండుసార్లు తీశారు. రైతులే, మనవాళ్లే. అధికారిని తిట్టడం సులువు. మన బంధువుని అడగడం కష్టం. నేనూ అడగలేదు.

ఆ తర్వాత 2004. రాజశేఖరరెడ్డి గారు వచ్చారు. ఆయన నమ్మకం వేరు. రైతు దగ్గర వసూలు చేసి కాలువ నడిపే లెక్క పక్కన పెట్టి, ఉచిత కరెంటు ఇచ్చి, జలయజ్ఞం అని ప్రాజెక్టుల మీద పడ్డారు. 1981లో అంజయ్య గారు రాయి వేసిన పోలవరానికి కదలిక వచ్చింది అప్పుడే. మెట్ట రైతుకి అది ప్రాణం పోసిన మాట, నేను తక్కువ చేయను. సంఘాలు మాత్రం చిక్కిపోయాయి. పెద్ద ప్యాకేజీలు పెద్ద కాంట్రాక్టర్లకి పోతుంటే, శివారు బోదె గురించి అడిగే సంఘం ఎవరికి కావాలి? డెల్టా ఆధునికీకరణ అని మొదలుపెట్టారు, కాలువ కట్టేసిన వేసవి నెలల్లో చేయాల్సిన పని. టెండరు తేలేసరికి వేసవి అయిపోయేది, నీళ్లు వదిలే టైమొచ్చేది.

ఇంతలో 2011 వచ్చింది. కోనసీమలో రైతులు సార్వా పంట వేయం అన్నారు. క్రాప్ హాలిడే. ధర గిట్టదు, కూలీ దొరకదు, డ్రెయిన్లు పూడిపోయి చేను మునుగుతుంది, నీళ్లు ఆలస్యంగా వదిలితే కోతలు తుపాను నోట్లో పడతాయి. ప్రభుత్వం మోహన్ కందా గారి ఆధ్వర్యంలో కమిటీ వేసింది. దేశమంతా మన వైపు చూసింది. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. రైతులు అడిగిన వాటిలో ధర ఢిల్లీది, కూలీ మనదీ ఢిల్లీదీ. కాలువ తేదీ, డ్రెయిను పూడిక మాత్రం అచ్చంగా ఇక్కడివి. నీటి సంఘాలు నిజంగా బతికుంటే ఆ రెండూ సమ్మె దాకా రావాల్సిన పని లేదు. ఈమధ్య జూన్ 1కే నీళ్లు వదులుతున్నారంటే, దాని వెనక ఆ ఏడాది బీడు పెట్టిన చేలున్నాయి.

2019 తర్వాత ఇంకో నమ్మకం. జగన్ గారి ప్రభుత్వం సంఘాన్నీ కమిటీనీ నమ్ముకోలేదు. ప్రభుత్వమే మనిషి గుమ్మంలోకి రావాలి అన్నది వాళ్ల పద్ధతి. వలంటీరు, సచివాలయం, 2020 నుంచి రైతు భరోసా కేంద్రం. ఎరువు కోసం మండలం పోనక్కర్లేకుండా కొంత మేలు జరిగింది. నీటి సంఘాలకి మాత్రం గడువు అయిపోయినా ఎన్నికలు లేవు, అధికారులే చూసుకున్నారు. గుమ్మంలోకి వచ్చిన ప్రభుత్వంతో మాట్లాడాలంటే ఒక్కడివే మాట్లాడాలి. కాలువ ఒక్కడి సంగతి కాదు కదా.

2024లో మళ్లీ ప్రభుత్వం మారింది. ఆ డిసెంబరులోనే నీటి సంఘాల ఎన్నికలు పెట్టారు, చేతులెత్తే పద్ధతిలో. 1997లో చీటీ వేసిన చోట ఈసారి చెయ్యెత్తడం. మా నాన్నగారి చీటీ ఎవరికి పడిందో మా అమ్మకి కూడా తెలియదు. చెయ్యి ఎత్తితే ఊరంతా చూస్తుంది. కౌలు చేసేవాడు భూమిగల ఆసామి ఎదురుగా ఎటు ఎత్తుతాడు? అసలు వాడికి ఎత్తే హక్కుంటే కదా అంటారేమో. అదే చెప్పబోతున్నాను.

1997 చట్టంలో కౌలుదారుకి చోటు లేదని చాలామంది అనుకుంటారు. నేనూ అనుకునేవాణ్ణి. చట్టం మాట వేరుగా ఉంది. భూమిగలవాడూ కౌలుదారూ ఇద్దరూ రికార్డులో ఉంటే, సభ్యుడు కౌలుదారే. అవునండి, కౌలుదారే. రాసినవాడెవడో కాలువ తెలిసినవాడు. దాని ముందు ఒక్క మాట ఉంది చూడండి, "రికార్డులో ఉంటే". మన డెల్టాలో కౌలు కాగితం మీద ఉంటుందా? నోటిమాట. ఏడాదికిన్ని బస్తాలు, ఉగాదికి మాట్లాడుకోవడం, అంతే. 1956 కౌలు చట్టానికి భయపడి భూమిగలవాళ్లు కాగితం రాయడం మానేశారు. కౌలుదారుని కాపాడ్డానికి తెచ్చిన చట్టమే వాణ్ణి కాగితం మీంచి చెరిపేసింది.

2011లో ఇంకో చట్టం వచ్చింది, ఆసామి సంతకం లేకుండానే సాగుదారుకి కార్డు ఇవ్వొచ్చు అని. 2019లో అది పోయి కొత్తది వచ్చింది, 11 నెలల కార్డు, దానికి ఆసామి ఒప్పుకుని సంతకం పెట్టాలి. రెండు చట్టాల మధ్య తేడా ఒక్క సంతకం. ఒక ప్రభుత్వం సాగు చేసేవాడి వైపు నుంచి చూసింది, ఇంకోటి భూమిగలవాడి భయం వైపు నుంచి చూసింది. భూమిగలవాడి భయం ఉత్తదే అని నేననను, మా చిన్నాన్న గారిదీ అదే భయం. కానీ సంతకం పెట్టమంటే పెట్టేవాళ్లు ఎంతమందో మీకూ తెలుసు. మా బావగారు రెండుసార్లు అడిగారు. రెండోసారి ఆసామి, "వచ్చే ఏడు వేరేవాళ్లకిద్దామనుకుంటున్నాను" అన్నాడు. మళ్లీ అడగలేదు.

అంతా కలిపి చూస్తే దొరల కాలంలో శిస్తు కట్టేవాడి పేరు పుస్తకంలో ఉండేది. ప్రణాళికల కాలంలో ఎకరాల లెక్క ఉండేది, మనిషి లేడు. 1997లో మనిషి వచ్చాడు, భూమి కాగితం ఉన్న మనిషి. తర్వాత కాంట్రాక్టరు పేరు వచ్చింది. ఆ తర్వాత లబ్ధిదారు పేరు. మోకాలి లోతు బురదలో నిలబడి రాత్రి రెండింటికి బోదెకి మట్టి అడ్డం వేసేవాడి పేరు ఏ పుస్తకంలోనూ సరిగ్గా ఎక్కలేదు. కాలువ తెగితే ముందు పరిగెత్తేది వాడే.

ఇది రాస్తూ మా సంఘం ఓటరు లిస్టు తెప్పించుకుని చూశాను. కొంతమంది చనిపోయినవాళ్లున్నారు, వాళ్లలో మా నాన్నగారొకరు. మ్యుటేషను అయిన తర్వాత కూడా లిస్టు మారలేదు. ఊళ్లో లేనివాళ్లు చాలామంది. మా సందులో నాతోపాటు కౌలు చేస్తున్నవాళ్లు ఏడుగురం, అందులో కౌలు కింద లిస్టుకెక్కినవాడు ఒక్కడూ లేడు. ఏడుగురం కలిసి సాగుదారు కాలమ్‌లో పేరు ఎక్కించమని అర్జీ రాశాం. కాటన్ దొర పద్ధతిలోనే రాశాం, ఏడవకుండా. సాగు చేసేవాడి పేరు ఉంటే తీరువా ఎవరి దగ్గర వసూలు చేయాలో తెలుస్తుంది, పూడిక పని నిజంగా జరిగిందో లేదో చెప్పేవాడు దొరుకుతాడు, అని. అర్జీ మీద భూమిగల ఆసాముల్లో ఇద్దరు సంతకం పెట్టారు. మిగతావాళ్లని ఈ వారం అడగాలి. ఒకాయన హైదరాబాదు నుంచి ఆదివారం వస్తున్నాడు, పెళ్లికి.

మీ మీ సంఘాల్లో లిస్టు చూసినవాళ్లుంటే మీ శివారు ఎక్కడో, అందులో కౌలుదార్లు ఎంతమంది ఎక్కారో రాయండి. తూర్పు డెల్టా వాళ్లు ముఖ్యంగా. మా బావగారికి ఇంకా జవాబు చెప్పాలి నేను.